టైరు పట్టడం వేరు, తిరగడం వేరు

మొన్న ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికెళ్తే బయట పార్కింగ్‌లో ఒక చిన్న ఎస్‌యూవీ కనపడింది, ఓడీ 18 బండే, మన రాయగడదే. టైర్లు చూస్తే ఏ జీపువో పీకి దీనికి తగిలించినట్టున్నాయి, మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చేసాయి. కుర్రాడు బానెట్ మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నాడు. లుక్కు బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ స్టీరింగ్ మొత్తం తిప్పి రివర్స్ తీస్తుంటే లోపల్నించి గర్ర్‌మని సౌండొచ్చింది. ఆ సౌండు నాకు బాగా తెలుసు, రెండేళ్ల కిందట నేను దాన్ని డబ్బులిచ్చి మరీ కొనుక్కున్నాను.

మాది నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ బండి. పేరు చెప్పను, చెప్తే దాని ఫ్యాన్స్ మీదకొచ్చేస్తారు. కంపెనీ ఇచ్చిన టైరు సైజు 215/60 ఆర్ 16. నా పని టిక్రి, కాశీపూర్ వైపు ఎక్కువ, లారీలు తొక్కీసిన రోడ్లు, వానాకాలంలో ఏది గుంతో ఏది రోడ్డో తెలీదు. ఒక్క సీజన్‌లో రెండు టైర్లు సైడ్‌వాల్ దగ్గర ఉబ్బిపోయి చిరిగిపోనాయి. మా పార్వతీపురం బావ ఉన్నాడు, అన్నీ తెలిసినోడు, "పెద్ద టైర్లు ఎక్కించీ బావా, 225/65 వేయించు, ఏనుగులాగ పోద్ది" అన్నాడు. నాకూ లోపల అదే ఉంది, ఎవరైనా అనాలి అంతే.

టైర్ల షాపతన్ని "ఇది నా బండికి పడుద్దా" అని అడిగితే "హోయిజిబొ, కిచ్ఛి హెబొని" అన్నాడు, అంటే అయిపోద్ది, ఏం కాదు అని. బిగించీసాడు. ఖాళీ బండి, షాపు ముందు చదును నేల, స్టీరింగ్ అటు ఇటు తిప్పితే ఎక్కడా తగల్లేదు. "చూసారా, పట్టింది" అన్నాడు. నేను వీడియో తీసి బావకి పంపించాను.

తర్వాత వారం సాలూరులో పెళ్లి. కోరాపుట్‌లో అత్తగారిని మావయ్యగారిని ఎక్కించుకున్నాం, నేను, మా ఆవిడ, మా వాడు, మొత్తం ఐదుగురం, డిక్కీ నిండా సారె సామాను, స్వీటు డబ్బాలు. సుంకి ఘాట్ దిగుతుంటే మొదటి హెయిర్‌పిన్‌లో వచ్చింది సౌండు. బరువుకి బండి కూర్చుంది, మలుపులో ఒక పక్కకి ఒరిగింది, అదే టైముకి చిన్న గొయ్యి, మూడూ కలిసాయి, టైరు పోయి లోపలున్న ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకుంది. "ఏటల్లుడూ ఆ సౌండు" అన్నారు మావయ్యగారు. రాయి తగిలిందండీ అన్నాను. నాలుగో మలుపుకి లైనర్ ఊడి వేలాడింది. ఘాట్ మీద బండి పక్కకి తీసి, పెళ్లి బట్టల్లో రోడ్డు మీద పడుకుని, దాన్ని కత్తితో కోసి తీసాను. టైరు భుజం దగ్గర రబ్బరు చెక్కేసినట్టు అయిపోయింది. ఆ రబ్బరు చూసాక మావయ్యగారు సాలూరు వరకు ఇంకేం మాట్లాడలేదు, తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసాను, ముందే వెయ్యాల్సిన లెక్క. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 16 అంటే రిమ్ము అంగుళాలు. నా పాత టైరు మొత్తం ఎత్తు దగ్గర దగ్గర 664 మిల్లీమీటర్లు. 225/65 వేస్తే 699. అంటే 35 మిల్లీమీటర్లు పెరిగింది, ఐదు శాతం పైన. కానీ బండి నేల నుంచి లేచేది అందులో సగమే, ఎందుకంటే పెరిగినదాంట్లో సగం కిందకి పోద్ది, సగం పైకి మడ్‌గార్డు వైపు పోద్ది. 17 మిల్లీమీటర్లు! బొటనవేలి మందం! దానికోసం పైన ఉన్న ఖాళీలో అంతే పోగొట్టుకున్నాను, వెడల్పు పెరిగింది కాబట్టి లోపల షాకప్సర్ వైపు ఇంకో ఐదు పోయింది. టైరు పైన సరిగ్గా స్ప్రింగు కూర్చునే చోట ఎంత ఖాళీ ఉంటదో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, చాలా బళ్లలో రెండు వేళ్లు కూడా దూరవు.

రాసుకోవడం అంటే చెవికి వినిపించింది కాబట్టి తెలిసింది, మిగతావి చప్పుడు చెయ్యకుండా జరిగిపోతాయి. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ కొంచెం పొడుగైపోద్ది, ఘాట్ ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్లో కదలనని మొండికేస్తది, మనం హాఫ్ క్లచ్ మీద లాగుతాం, క్లచ్ కాలిన వాసన. బ్రేకూ అంతే, డిస్కు పాతదే, అది ఆపాల్సిన చక్రం పెద్దదీ బరువైందీ, కాబట్టి అదే పెడలుకి బండి కొంచెం ఆలస్యంగా ఆగుద్ది, సుంకి దిగేటప్పుడు ఆ కొంచెం ఎంతో మీకే తెలియాలి. స్పీడోమీటర్ 80 చూపిస్తే బండి పాత లెక్క కంటే నాలుగు ఎక్కువ పోతుంటది, కిలోమీటర్ల మీటరు తక్కువ తిరుగుద్ది. మైలేజీ పడిపోయిందని నేను నెల రోజులు ఏడ్చాను, అందులో కొంత నిజం, కొంత మీటరు తేడా. ఇంక స్టెప్నీ పాత చిన్న సైజే ఉంది కదా. పంక్చరైతే ముందు ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది, డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగింది. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, అది చక్రాలు ఎంత స్పీడుగా తిరుగుతున్నాయో చూసుకుని పనిచేస్తది, ఒకటి తేడాగా తిరిగితే దానికి పిచ్చెక్కదా మరి.

చట్టం సంగతి చాలామంది పట్టించుకోరు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలాగ బండిని మార్చకూడదని, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఏ వచ్చింది, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. మీ మోడల్లోనే ఇంకో వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు అయితే గొడవ తక్కువ, అది ముందు చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పి ఉంచండి, యాక్సిడెంటయ్యాక సర్వేయర్ టైరు సైజు చదివితే అప్పుడు మనం ఏం చెప్పినా కథలాగే ఉంటది.

సరే, ఆ టైర్లు సగం ధరకి అమ్మీసాను. ఈసారి ఎవర్నీ అడగలేదు. దోస్తు దగ్గర పాత 215/65లు రెండు అడుక్కొచ్చి నా రిమ్ములకే ఎక్కించి ముందు చక్రాలకి వేసాను, ఎత్తు 686, మూడు శాతం పైన కొంచెం. లైనర్‌కీ షాకప్సర్‌కీ లోపలంతా తడి సుద్ద పూసి ఆరనిచ్చాను. వీధిలో కుర్రాళ్లని ఐదుగుర్ని ఎక్కించి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలేసి, ఒక ముందు చక్రం ఇటుకల మీదకి ఎక్కించి స్టీరింగ్ ఫుల్లుగా కుడికి, ఫుల్లుగా ఎడమకి, తర్వాత రెండో చక్రం. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తూ ఏమీ అనలేదు, అదే భయం. దింపి చూస్తే లైనర్ మీద సుద్ద బాగానే ఉంది, ఎడమ షాకప్సర్ దగ్గర మాత్రం వేలెడు మేర చెరిగిపోయింది. రిమ్ముకి స్పేసర్, అంటే రిమ్ము వెనకాల బిగించే మందపాటి బిళ్ల, పెడితే సరిపోద్దని ఒకడు సలహా ఇచ్చాడు. స్పేసర్ పెడితే చక్రం బయటికి జరుగుద్ది, బేరింగ్ మీద, బోల్టుల మీద భారం పెరుగుద్ది, ఒక తప్పుని ఇంకో తప్పుతో సర్దడం నాకిష్టం లేదు.

చివరికి వేసింది 205/65 ఆర్ 16. నవ్వకండి. వెడల్పు పది తగ్గింది, లోపల ఖాళీ వచ్చింది, ఎత్తు 673, పాతదాని కంటే తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. దాని మీద 95హెచ్ ఉంది, 95 లోడు నంబరు, అంటే ఒక్కో టైరు 690 కేజీలు మోస్తది, హెచ్ అంటే 210 స్పీడు వరకు తట్టుకుంటది, పాతదాని మీదా అదే ఉండేది. సైజు చూసి ఇది చూడనోళ్లు చాలామంది, లోడు నంబరు తగ్గితే టైరు ఎంత పెద్దదైనా దండగే. పక్కనే నాలుగంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారు, అదీ చూసే కొన్నాను. ఐదో టైరు కూడా అదే సైజు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకున్నాను.

అసలు సిగ్గుపడే విషయం ఇప్పుడు చెప్తాను. మొదట్లో ఆ రెండు టైర్లు ఎందుకు చిరిగాయో అలైన్‌మెంట్ చేసినాయనే చెప్పాడు. తలుపు దగ్గర స్టిక్కర్ మీద గాలి 33 అని రాసుంది, నేను గుంతల్లో మెత్తగా పోద్దని 26 కొట్టించేవాణ్ణి. గాలి తక్కువున్న టైరు గొయ్యి అంచుకి తగిలితే సైడ్‌వాల్ రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి లోపల దారాలు తెగిపోతాయి, అదే ఉబ్బు. అంటే ఫ్రీగా దొరికే గాలి సరిగ్గా పట్టించుకోక, లైనర్ చింపుకుని, క్లచ్ కాల్చుకుని, మావయ్యగారి దగ్గర పరువు పోగొట్టుకున్నాను. బావకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

గుడి దగ్గర కుర్రాడితో ఇదంతా చెప్పబోయాను. "పట్టింది కదా అంకుల్" అన్నాడు. ఎక్కడికెళ్తున్నారు అంటే వచ్చే వారం దేవమాలి కొండకట, ఐదుగురట, టెంట్లు కూడా తీసుకెళ్తారట. వెళ్లే ముందు ఐదుగురూ ఎక్కి ఒక్కసారి ఇటుక మీద తిప్పి చూడు నాయనా అన్నాను. తల ఊపాడు. చూస్తాడో లేదో.