నోరు విప్పనివాడే తమకు ముద్దు

మహారాజశ్రీ అభిమానుల అభిప్రాయం గారి దివ్య సముఖానికి,

అంతరిక్ష నౌకల కథల టీవీ సీరీస్ 'స్టార్ ట్రెక్' చూసే ఒక మామూలు ప్రేక్షకుడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ. ఇక్కడ అందరూ క్షేమం. ఎర్ర చొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగినవాళ్ల సంగతి మాత్రం చెప్పలేను, ఈ సీరీస్‌లో ముందు పోయేది వాళ్లే.

తమరు 1966 నుంచీ కొలువు తీరి ఉన్నారు. కెప్టెన్ ఎవరో, ఆయన పక్కన ఎవరు నిలబడాలో రచయితలు చూసుకుంటారు. వెనక ప్యానెల్ ముందు కూర్చున్నవాళ్ల తలరాత మాత్రం తమరే రాస్తారు. పాత సీరీస్ కెప్టెన్ కర్క్ గొప్పా, తర్వాతి సీరీస్ కెప్టెన్ పికార్డ్ గొప్పా అన్నది ఎన్నటికీ తేలని వ్యాజ్యం. దాన్ని వాయిదాల మీద నడిపిస్తూనే ఉన్నారు. సైడ్ క్యారెక్టర్ల కేసుకు అంత ఓపిక అక్కర్లేదు. ఒక ఎపిసోడ్ చూస్తారు, ఒక డైలాగ్ పట్టుకుంటారు, యావజ్జీవం వేసేస్తారు. అప్పీలు లేదు.

వెస్లీ క్రషర్‌నే తీసుకోండి. 1987లో ఆ తర్వాతి సీరీస్ 'ది నెక్స్ట్ జనరేషన్' మొదలైనప్పుడు ఆ వేషం వేసిన విల్ వీటన్‌కు 15 ఏళ్లు. ఆ పాత్ర చేసిన నేరం తెలివిగా ఉండటం. పెద్దవాళ్లంతా బుర్ర గోక్కుంటుంటే ఈ కుర్రాడు వచ్చి నౌకను కాపాడేసేవాడు. చిరాకు వచ్చే మాట నిజమే, నాకూ వచ్చేది. అయితే అలా రాసింది వాడు కాదు కదా. సీరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ తన పూర్తి పేరులో మధ్యనున్న 'వెస్లీ'ని తీసి మరీ ఆ పిల్లవాడికి పెట్టుకున్నాడు. అంటే ముద్దాయి ఎవరో పేరులోనే రాసి ఉంది. అయినా అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, తమరు వెళ్లి కుర్రాడి మీద పడ్డారు.

మొదటి సీజన్‌లోనే 'జస్టిస్' అని ఒక ఎపిసోడ్ ఉంది. ఈడో అనేవాళ్ల గ్రహం మీద వెస్లీ బంతాట ఆడుతూ అదుపు తప్పి మొక్కల మీద పడతాడు. ఆ క్షణంలో అది శిక్షల కోసం ఎంచిన చోటట. అక్కడ ఏ చిన్న తప్పు చేసినా మరణమే. పికార్డ్ ఎపిసోడ్ అంతా ఆ చట్టంతో కుస్తీ పడుతుంటే, టీవీకి ఇవతల తమరు ప్రాసిక్యూషన్ బల్ల దగ్గర కూర్చున్నారు. విశ్వం మొత్తంలో ఆ చట్టం న్యాయంగా కనిపించింది ఈడో వాళ్లకి, తమకి.

'డేటాలోర్' ఇంకా బాగుంటుంది. 1988లో వచ్చింది. ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలో ఉన్న యంత్రం, అయిన ఆఫీసర్ డేటాకు లోర్ అనే కవల దొరుకుతాడు. వాడు దుర్మార్గుడు, డేటా వేషంలో నౌకలో తిరుగుతుంటాడు. కెప్టెన్‌కు అనుమానం రాలేదు. ఒక్క వెస్లీకే వచ్చింది. చెప్పబోయాడు. "నోరు మూసుకో, వెస్లీ!" అన్నాడు పికార్డ్. వెంటనే కన్నతల్లి కూడా అదే మాట అంది. ఇదే సంగతి ఒక పెద్ద ఆఫీసర్ చెప్పి ఉంటే వినేవాళ్లు కదా అని కుర్రాడు అడిగాడు. అతను చెప్పింది అక్షరాలా నిజమని ఆ ఎపిసోడే తేల్చింది. ఇంతకీ అందులోంచి తమరు ఏరుకుని భద్రంగా దాచుకున్నదేమిటి? ఆ నిజమా? కాదు, ఆ గసురు. వెస్లీ పేరెత్తితే చాలు, దశాబ్దాలుగా అదే మంత్రం. పికార్డ్ ఒక్కసారి పొరబడ్డాడు. తమరు ఆ పొరపాటును ఆచారంగా పాటిస్తున్నారు.

1990లో, నాలుగో సీజన్ మధ్యలో, వీటన్ రెగ్యులర్ పాత్రలోంచి తప్పుకున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, పెద్దయ్యాక అతనంటే తమకు ముద్దొచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది, అంతే చాలు.

డాక్టర్ పులాస్కీ విషయంలో తమ తీర్పు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రెండో సీజన్‌లో, అంటే 1988-89లో, వెస్లీ తల్లి బెవర్లీ స్థానంలో వచ్చిన డాక్టర్ ఈవిడ. నటి డయానా మల్డార్ పేరు అసలు బృందంతో కలిపి కూడా వేయలేదు, ప్రత్యేక అతిథి అనే వేశారు. వచ్చీ రాగానే డేటాను 'డాటా' అని పిలిచింది. అతను సరిదిద్దాడు. తేడా ఏముంది అంది. "ఒకటి నా పేరు, రెండోది కాదు" అన్నాడు అతను, ఎంతో మర్యాదగా. అక్కడితో తమరు ఫైలు మూసేశారు.

మరి పాత సీరీస్‌లో డాక్టర్ మెకాయ్ సంగతేమిటండీ? మూడు సీజన్లు పరాయి గ్రహపు రక్తం ఉన్న ఆఫీసర్ స్పాక్ చెవుల మీద, ఆకుపచ్చ రక్తం మీద, మనసు లేని కంప్యూటర్ అంటూ సాగించిన సతాయింపు స్నేహమట. ఒక మగ డాక్టర్ అంటే చమత్కారం, ఒక ఆడ డాక్టర్ అంటే కర్కశత్వం. స్పాక్ తిరిగి అనగలడు, డేటా పసివాడు లాంటివాడు కదా అని తమ తరఫు లాయర్లు వాదిస్తారు. ఆ వాదనలో పస ఉంది, కాదనను. కానీ తర్వాత ఏం జరిగిందో చూడటానికి తమరు కోర్టు హాల్లో కూర్చోలేదు. సీజన్ చివర్లో డేటా ఆటలో ఓడిపోయి, తనలోనే ఏదో లోపం ఉందనుకుని విధులకు దూరంగా కూర్చుంటే, నచ్చజెప్పడానికి వెళ్లినవాళ్లలో ఆవిడా ఉంది.

వోర్ఫ్ సీన్ అయితే తమరు తప్పకుండా మళ్లీ చూడాలి. నౌకలో ఆఫీసర్, క్లింగాన్ అనే యుద్ధజాతికి చెందిన అంతటి యోధుడు, పిల్లలకు వచ్చే తట్టు లాంటి జబ్బుతో స్పృహ తప్పి పడిపోతాడు. సంగతి బయటికి పొక్కితే పరువు పోతుంది. పులాస్కీ నోరు మెదపకుండా దాచేస్తుంది. ఆ కృతజ్ఞతతో అతను ఆమెకు క్లింగాన్ తేనీటి క్రతువు చేస్తాడు. ఆ టీ మనుషులకు విషం. ఆవిడ ముందే విరుగుడు మందు వేసుకుని, అతనితో సమానంగా కప్పెత్తి తాగుతుంది. యాభై ఏళ్ల మనిషి, ఎవరినీ మెప్పించాలని చూడని మనిషి, ట్రాన్స్‌పోర్టర్ అనే, మనుషుల్ని క్షణంలో ఇంకోచోటికి చేర్చే యంత్రం ఎక్కాలంటే భయమని దాచుకోని మనిషి. సీజన్ అయిపోగానే పంపించేశారు. తమరు చప్పట్లు కొట్టారు.

తమకు ఎలాంటివాళ్లు నచ్చుతారో తెలుసుకోవాలంటే ఇంకో స్టార్ ట్రెక్ సీరీస్ 'డీప్ స్పేస్ నైన్' చూడాలి. అక్కడ క్వార్క్ అనేవాడు నడిపే బార్‌లో మోర్న్ అని ఒక ఖాతాదారు. ఏడు సీజన్లూ అదే స్టూలు మీద కూర్చుంటాడు. అతను మాట్లాడగా ఒక్కసారి కూడా మనం వినం. వాగుడు మొదలుపెడితే ఆపడని మిగతా పాత్రలు చెప్పుకోవడమే తప్ప. తమరు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1998లో అతను పోయాడని ఒక ఎపిసోడే నడిపారు. అందులో బార్‌కు వచ్చిన ఒక మనిషిని పట్టుకుని, మోర్న్ స్టూలు చల్లబడకుండా కాసేపు కూర్చోమంటాడు క్వార్క్. ఆ కూర్చున్నది మోర్న్ వేషం వేసే మార్క్ అలెన్ షెపర్డే, మేకప్ తీసేసిన మొహంతో. ఆ సీన్ నాకూ ఎంతో ఇష్టం. ఇష్టమే గానీ లెక్క చూడండి: సరైన మాట చెప్పిన వెస్లీకి సున్నా, అసలు మాటే లేని మోర్న్‌కు నూటికి నూరు. ఖాళీగా ఉన్న పాత్ర అయితే అందులో తమకు కావలసింది నింపుకోవచ్చు. నోరు విప్పిన పాత్రతో తమకు పేచీ.

మరో సీరీస్ 'వోయేజర్'లో హ్యారీ కిమ్‌ది ఇంకో రకం తంటా. 1995లో ఎన్‌సైన్‌గా, అంటే ఆఫీసర్లలో అట్టడుగు హోదాతో, నౌక ఎక్కాడు, 2001లో సీరీస్ ముగిసేటప్పటికీ ఎన్‌సైనే. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పక్క సీటు టామ్ పారిస్‌కు ఒక హోదా తగ్గించారు, జైల్లో పెట్టారు, మళ్లీ ఆ హోదా తిరిగిచ్చారు. హ్యారీ 1996లోనే శూన్యంలోకి ఎగిరిపోయి చనిపోయాడు. ఆ తర్వాత డ్యూటీ చేసింది ఆ నౌకకు నకలుగా పుట్టిన మరో నౌకలోంచి వచ్చిన హ్యారీ. చచ్చినా ప్రమోషన్ రాలేదంటే ఇదే కాబోలు. సీరీస్ నడిచినంత కాలం చప్పిడి మనిషి అన్నది తమరే. అయిపోయాక, పాపం అతనికి ఎందుకివ్వలేదని కెప్టెన్ జేన్‌వే మీద విరుచుకుపడిందీ తమరే. అదే జేన్‌వే మీద టువిక్స్ హత్య కేసు కూడా నడుస్తోంది. అదే నౌకలోని నీలిక్స్ అంటే తమకు పడదు, టువోక్ అంటే గౌరవమే గానీ గంతులేసేంత ఇష్టం లేదు. ట్రాన్స్‌పోర్టర్ ప్రమాదంలో ఇద్దరూ కలిసి టువిక్స్ అనే ఒక్కడయ్యారు, జేన్‌వే అతన్ని మళ్లీ ఇద్దరుగా విడగొట్టేసింది; అంతే, ఒక్క ఎపిసోడ్ పరిచయానికే తమరు జీవితకాలం వకాల్తా పుచ్చుకున్నారు.

తమ చూపులో వాడి లేదని కాదు. పాత సీరీస్‌లో లెస్లీ అనే ఎర్ర చొక్కా సిబ్బంది ఒకడున్నాడు. 1967 నాటి 'అబ్సెషన్'లో రక్తం పీల్చే మేఘం బారిన పడి చనిపోతాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ డ్యూటీలో కనిపిస్తాడు. నౌకలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. పట్టుకున్నది తమరే. పాత సీరీస్‌లోనే నౌక నడిపే సులూకు హికారు అన్న పేరు బయట వచ్చిన నవలలోంచి పుట్టింది. తెర మీద దాన్ని పలకడానికి 1991 దాకా పట్టింది. అదే నౌకలో సందేశాలు చూసే ఆఫీసర్ ఉహురా మొదటి పేరు న్యోటా తెర మీద వినపడింది 2009 సినిమాలో. అన్నేళ్లూ ఆ పేర్లను మోసింది తమరే. అధికారులు పట్టించుకోని రికార్డులు దిద్దిపెట్టే గుమాస్తాగా తమకు సాటి లేరు. చిక్కల్లా జడ్జి కుర్చీ ఎక్కినప్పుడే.

ఉహురా అంటే గుర్తొచ్చింది. మొదటి సీజన్ అయ్యాక ఆ వేషం వేసిన నిషెల్ నికల్స్ సీరీస్ వదిలేద్దామనుకుంది. తనకు ఇచ్చే పని తక్కువ, మాటలు తక్కువ. అప్పుడు ఒక సభలో ఒక అభిమాని తనను కలవాలంటున్నాడని చెప్పారట. తిరిగి చూస్తే మార్టిన్ లూథర్ కింగ్. తమ ఇంట్లో పిల్లల్ని మెలకువగా ఉండి చూడనిచ్చే కార్యక్రమం ఇదేనని, వదలొద్దని ఆయన చెప్పినట్టు ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది. ఆమె ఉండిపోయింది. ఆయనా అభిమానే, ఆయన చెప్పిందీ ఒక సైడ్ క్యారెక్టర్ మీద అభిప్రాయమే. ఉహురా ఎవరికంటే గొప్పో, ఎవరికంటే తక్కువో ఆయన చెప్పలేదు. ర్యాంకులు వేయకుండా కూడా అభిమానిగా ఉండొచ్చని తమ రికార్డుల్లో ఈ ఒక్క దాఖలా ఉంది. దుమ్ము దులిపి చూడగలరు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. వెస్లీకి పరిహారం ఇవ్వమనను, టువిక్స్ కేసు ఎలాగూ తేలదు. పులాస్కీ ఫైలు ఒక్కటి తిరగదోడండి. సాక్ష్యంగా ఆ టీ సీన్ చాలు. ఎపిసోడ్ పేరు 'అప్ ద లాంగ్ ల్యాడర్', రెండో సీజన్.

ఇట్లు,
కెప్టెన్ మాట్లాడుతున్నప్పుడు వెనక కూర్చున్నవాళ్ల మొహాలు చూసే ఒక ప్రేక్షకుడు

తా.క.: హ్యారీ కిమ్ ప్రమోషన్ గురించి తమరు ఇన్నేళ్లు పెట్టుకున్న అర్జీలు వృథా పోలేదు. 2024లో స్టార్ ట్రెక్ కార్టూన్ సీరీస్ 'లోయర్ డెక్స్' చివరి సీజన్‌లో వేరే వేరే విశ్వాల నుంచి వచ్చిన హ్యారీలు గుంపుగా కనిపించారు. అందరూ ఎన్‌సైన్లే, ఒక్కడు మాత్రం లెఫ్టినెంట్. గొంతు కూడా అసలు నటుడు గారెట్ వాంగ్‌దే. ఆ ఎపిసోడ్‌లో కొంప ముంచిందీ ఆ లెఫ్టినెంటే.