ఎర్ర రంగు పూసిన బోరింగుకు

మా వాడకట్టు బోరింగుకు,

నమస్కారం. నీ ఒంటికి ఎర్ర రంగు పూసి "ఈ నీళ్లు తాగరాదు" అని రాసి ఏళ్లయింది. ఒక్కరూ పలకరించడానికి రాలేదని నొచ్చుకున్నావేమో. పోయినసారి చూసినప్పుడు 'రాదు' చెరిగిపోయి "ఈ నీళ్లు తాగ" వరకే మిగిలింది. మా ఊళ్లో హెచ్చరికలన్నీ చివరికి ఇట్లాగే అవుతాయి.

నువ్వొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని వాడంతా తిరిగాడు. కాయ లేచి నిలబడ్డ చోట ముగ్గు పోశారు. రిగ్గు బండి రాయిని పిండి చేస్తుంటే మా పిల్లలమంతా సున్నం కొట్టిన గోడల్లా అయ్యాం. నీళ్లు పడగానే సర్పంచ్ ఇంకో కొబ్బరికాయ కొట్టాడు. తీయగా ఉన్నాయన్నారు. రెండు కొబ్బరికాయలకు డబ్బులు దొరికాయి గానీ, ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి పరీక్షకు పంపడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

నీ మేలు మరిచిపోలేదు. అంతకుముందు మాది దిగుడు బావి. కాళ్లు నీళ్లలో పెట్టి బిందె ముంచుకునేవాళ్లం. తాత కాలికి నారికురుపు లేస్తే, బయటికొచ్చిన పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాడు. మధ్యలో తెగిందా, నరకమే. మీ ఇండియా మార్క్-2 చేతిపంపుల వంశం ఊరూరా దిగింది, జనం నీళ్లు గుడ్డతో వడగట్టుకోవడం నేర్చారు, దిగుడు బావులు మూతపడ్డాయి. 2000లో ఇండియాలో ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. అందులో నీ వాటా నీకుంది.

కాకపోతే పైనున్న పురుగును తప్పించి, కిందున్న రాయిని పట్టుకొచ్చావు. మా నల్గొండ నేల కింద గ్రానైటు. దాని సందుల్లో నిలవున్న నీళ్లలో ఫ్లోరైడు కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. రంగుండదు, వాసనుండదు, మరిగిస్తే పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. అంత మర్యాదగా ఇంట్లోకొచ్చే చుట్టాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు? నా పెళ్లి ఆల్బం తీసి చూడు. మావైపు వాళ్లంతా పెదాలు బిగించి ఉంటారు. ఫొటోగ్రాఫర్ "నవ్వండి సార్" అని అరిచి అరిచి అలసిపోయాడు. ఫ్లోరైడు పట్టించిన గారపళ్లు బయటపెట్టడం ఇష్టంలేక అంత గంభీరంగా ఉన్నామని అమ్మాయివైపు వాళ్లకు తెలియదు. ఎంత పద్ధతైన కుటుంబమో అనుకున్నారు.

నా మొదటి ఓటు కూడా నీ పుణ్యమే. 1996 లోక్‌సభ ఎన్నికలు. ఫ్లోరైడు గోడు ఎవరూ వినడంలేదని నల్గొండ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేస్తే, 480 మంది బరిలో మిగిలారు. పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. గుర్తు వెతకలేక పేజీలు తిప్పుతుంటే వెనక లైన్లో ముసలాయన "చదివి పరీక్ష రాస్తవా బిడ్డా?" అన్నాడు. ఢిల్లీ వెంటనే స్పందించింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. మేమడిగింది నీళ్లు.

ఇంకో గొప్ప చెప్పనా? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు తయారుచేశారు. ఆఫ్రికా దాకా వెళ్లింది. మా వాడకట్టుకు రావడానికే దారి దొరకలేదు.

తర్వాత ప్లాంటొచ్చింది, క్యాన్లొచ్చాయి. ఆ ప్లాంటు మా కోసం నీళ్లు శుద్ధి చేసి, మిగిలినవి మోరీలోకి వదులుతుంది. తర్వాత మిషన్ భగీరథ పైపులొచ్చాయి, ఇంటి ముందుకే కృష్ణా నీళ్లు. మేమూరుకుంటామా? ఆ నీళ్లతో బర్రెలను కడిగి, బండి కడిగి, వాకిట్లో చల్లి, తాగడానికి క్యాన్ కొంటున్నాం. "నల్లా నీళ్లు టేస్టుండవు" అంటున్నాం. ఏ నీళ్లలో ఏముందో చూసే టెస్ట్ కిట్ ఒకటి మా ఆఫీసుకూ వచ్చింది. సీలు కూడా తీయకుండా బీరువాలో భద్రంగా దాచారు.

నీ హ్యాండిల్ ఎక్కడుందని అడుగుతావేమో. మా చిన్నాయన కొట్టం తలుపుకు అడ్డంగా పెట్టుకున్నాడు. గట్టి ఇనుము, ఊగదు. నీ గద్దె మీద పిడకలు చరుస్తున్నారు.

ఒక చిన్న సాయం చెయ్యాలి. మా అమ్మ నడుము ఇప్పుడు సగానికి వంగింది, మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. ఎందుకిట్లయిందో డాక్టర్ చెప్పాడు, నేనూ చెప్పాను. నమ్మదు. "బోరింగేం చేసింది బిడ్డా, నిన్ను సాకిన నీళ్లే గదా అవి" అంటుంది. క్యాన్ నీళ్లు చప్పగా ఉన్నాయని పొద్దున్నే చెంబు పట్టుకుని నీ దగ్గరికొస్తోందట. ఎర్ర రంగు ఎందుకో చెప్పకు, నొచ్చుకుంటుంది. వాషర్ పోయిందని చెప్పు.

ఇట్లు,
నీ దగ్గర వరసలో బిందె పెట్టి గోలీలాటకు పోయినవాడు