అరవై శాతం కీబోర్డు, తొంభై ఏడు శాతం పెట్టె

అరవై శాతం మెకానికల్ కీబోర్డుకి, అంటే నంబర్ ప్యాడూ ఎఫ్ మీటలూ బాణాలూ లేని, మీట మీటకీ విడి స్విచ్ ఉండే చిన్న కీబోర్డుకి, టేకు పెట్టె చేయించాలంటే తెలియాల్సిన కొలతలు నాలుగే. మీటకీ మీటకీ మధ్య దూరం 19.05 మి.మీ. స్విచ్ దిగే చదరం 14 మి.మీ. స్విచ్‌లు బిగించే ప్లేటు మందం 1.5 మి.మీ., అంతకు మించితే స్విచ్ కొక్కేలు పట్టవు. సర్క్యూట్ బోర్డు 285 x 94.6 మి.మీ. దానికి చెక్కలో 286 x 98 గుంత తీయాలి. చారలు పొడవునా ఉంటాయి కాబట్టి వానాకాలం చెక్క అడ్డంగానే కదులుతుంది, అందుకే ఆ దిక్కున వదులు కాస్త ఎక్కువ. డ్రాయింగు అయింది, దిమ్మ వచ్చింది, చెక్క తవ్వే రూటర్ మిషనున్న మేస్త్రి దొరికాడు. నడుమ 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొట్టు అదిమి చేసిన పలక) మీద లేజర్‌తో నమూనా కోయించి చూసుకునే మెట్టు ఒకటుంది. ఆదివారం లేజర్ షాపు మూసేస్తారు. జిరాక్స్ షాపు తెరిచే ఉంటుంది, నమూనా కాగితం మీదే అచ్చేయించొచ్చు.

జిరాక్స్ షాపు కుర్రాడు తల ఎత్తడు. "వాట్సాప్ చెయ్యండన్నా" అంటాడు. పీడీఎఫ్ వెళ్తుంది, తెర మీద ప్రింట్ డబ్బా తెరుచుకుంటుంది. అందులో "ఫిట్" అనే దాని పక్కన చుక్క ముందే పెట్టి ఉంటుంది. ఎవరడిగారని పెట్టారో తెలీదు. "యాక్చువల్ సైజ్" పక్కనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రింటరుకి కాగితం అంచుల దాకా సిరా వేయడం చేతకాదు కాబట్టి, గీసిందంతా మధ్యలోకి లాగి 97 శాతానికి కుదిస్తుంది. ఏ4 కాగితం మీద మన గుంత గీత అంచుకి 5.5 మి.మీ. లోపలే ఉంది, ఏమీ కుదించకపోయినా పట్టేది. అయినా కుదిస్తుంది. ఆధార్ కాపీకి దీనివల్ల నష్టం లేదు. హాల్ టికెట్టు మీద మొహం మూడు శాతం చిక్కితే ఇన్విజిలేటరు గేటు దగ్గర ఆపడు. దేశంలో అచ్చయ్యే కాగితాలన్నిటికీ సరిపోయే ఈ సదుపాయం కీబోర్డు పెట్టెకి మాత్రమే సరిపోదు.

కంటికి తెలిసిపోదా అంటే, తెలీదు. 19.05లో 97 శాతం 18.48. ఒక్క మీట దగ్గర తేడా అర మిల్లీమీటరు చిల్లర. కాగితం మీద ఒక కీక్యాప్ (మీట తొడుగు) పెట్టి చూస్తే ముద్దుగా సరిపోయినట్టే ఉంటుంది, రెండు పెట్టినా అంతే. ఆ చిల్లరంతా ఎడమ నుంచి కుడికి పోగుపడుతూ పోయి ఎంటర్ దగ్గర లెక్క తేలుస్తుంది. డ్రాయింగు మూలన 100 మి.మీ. గీత ఒకటి గీసుకుని, అచ్చయ్యాక స్కేలు పెట్టి కొలిస్తే 97 అని అక్కడే బయటపడుతుంది. స్కేలు జిరాక్స్ షాపులోనే అమ్ముతారు కూడా.

కాగితం చెక్కకి అంటించారు, గుంత తవ్వారు, 6 మి.మీ. బిట్టు వదిలేసిన గుండ్రటి మూలల్ని ఉలితో సాఫు చేశారు. ఇక బోర్డు దించడమే.

ఎడమ పక్క దిగింది. ఎస్కేప్, ట్యాబ్, క్యాప్స్ లాక్ హాయిగా గుంతలో కూర్చున్నాయి. కుడి పక్క గోడెక్కి కూర్చుంది. మనకి కావాల్సిన వాలు వెనక నుంచి ముందుకి 6 డిగ్రీలు. వచ్చిన వాలు కుడి నుంచి ఎడమకి. గుంత 277.4, బోర్డు 285. లోటు 7.6 మి.మీ. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత అందరూ అన్నారు. మూలల్లో పొట్టు ఇరుక్కుందేమో ఊదమన్నారు. ఊదాం. తిప్పి పెట్టి చూడమన్నారు. తిప్పినా 285 మి.మీ. బోర్డు 285 మి.మీ.యే. ఎండలో పెడితే చెక్క సాగుతుందని పక్కింటి అంకుల్ అభిప్రాయం. ఎండకి చెక్క ఎండి ముడుచుకుంటుంది, అదీ అడ్డంగా. పొడవు దిక్కున దానికి దాదాపు చలనమే ఉండదు. ఇదంతా ఆయనకి వివరిస్తే "మా రోజుల్లో సాగేది" అన్నారు. చివరికి మేస్త్రి బోర్డుని చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు రాసి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఈ పచ్చటి దాన్నే రెండు నూళ్లు చిత్రిక పట్టేద్దామా సార్?"

ఆ అంచులో రాగి తీగలున్నాయి. బ్యాక్‌స్పేస్, ఎంటర్, కుడి షిఫ్టు అటే ఉంటాయి. "అన్నీ వాడతారా?" అన్నాడు.

గుంతని పెద్దది చెయ్యొచ్చుగా అని వినేవాళ్లకి అనిపిస్తుంది. కుడి, ఎడమ గోడలు 8 మి.మీ. అటూ ఇటూ 3.8 చొప్పున తీస్తే మిగిలేది 4.2. ఆ గోడల్లో చార అడ్డంగా తెగి ఉంటుంది, వేలితో నొక్కితే పుటుక్కుమంటుంది. పైగా ఎం2 (2 మి.మీ.) మరలు బిగించడానికి చెక్కలో దిగ్గొట్టిన ఇత్తడి ఇన్సర్టులు కూడా 97 శాతం చోట్లలోనే ఉన్నాయి. బోర్డు కన్నాలు ఒకచోట, ఇత్తడి ఇంకోచోట.

అప్పుడు మేస్త్రి టేపు తీసి బోర్డు మీద పరిచాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మీటకీ మీటకీ ముప్పావు అంగుళం, అంటే సరిగ్గా ఆరు నూళ్లు. ఒక వరుసలో పదిహేను మీటల చోటు, అంటే పదకొండు అంగుళాల రెండు నూళ్లు. అయిదు వరుసలు, అంటే మూడుముప్పావు. 19.05 అనే ఆ వంకర అంకె పుట్టిందే అంగుళాల్లోంచి. "నోటితో చెప్తే పోయేది కదా సార్, కాగితం ఎందుకు?" అన్నాడు. ఆ మాటకి జవాబు జిరాక్స్ షాపువాణ్ణి అడగాలి.

చెక్క వృథా కాకూడదని ఒక మిత్రుడు నలభై శాతం బోర్డు వెతికిపెట్టాడు. పన్నెండు నిలువు వరుసలు, 228.6 మి.మీ. ఇదే గుంతలో దిగుతుంది. అంకెల వరుస ఉండదు, ఇంకో మీట నొక్కిపట్టి అంకెలు కొట్టుకోవాలి. మిగిలే దాదాపు 5 సెంటీమీటర్లలో పెన్నులు పెట్టుకోవచ్చట. ఆర్డరు వెళ్లిపోయింది. పెన్నులెందుకు, సెల్లు పెట్టుకోవచ్చని మేస్త్రి మళ్లీ టేపు తీశాడు. సెల్లు వెడల్పు 7 సెంటీమీటర్లు.