టోనర్ కోసం ఓ ఫైలు

"నీకేంటి, గవర్నమెంటు ఉద్యోగం!" ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. ప్రింటర్‌లో టోనర్ అయిపోయి నెల దాటింది. ప్రైవేటులో అయితే ఒక్క మెయిల్ కొడితే చాలు. ఇక్కడ? నోట్ పెట్టాలి, మూడు కొటేషన్లు తేవాలి, నలుగురు సంతకాలు చేయాలి. నాలుగో ఆయన సెలవు! వచ్చాక 'చర్చించండి' అని రాసి ఫైలు వెనక్కి పంపారు. పక్క గదే కదా, పిలిస్తే పోయేది కాదా? ఈలోపు కొటేషన్ల గడువు ముగిసింది. మళ్లీ మొదటికి. (ఆ నోట్ ప్రింట్ తీయడానికీ టోనర్ కావాలి మరి!)

పనిచేసేవాడికీ, కూర్చుని పేపరు తిరగేసేవాడికీ ఒకటే ఇంక్రిమెంటు. కౌంటర్ దగ్గర తిట్లు మాత్రం నాకే. పొద్దున ఒకాయన అడిగాడు: "ఒక్క కాగితం ఇవ్వడానికి ఇన్ని రోజులా?" ఏం చెప్పను, టోనర్ లేదనా?