చంద్రుడికో మచ్చ, డెర్బీకో గెలుపు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ చరిత్ర రాసేవారికి ఓడినవారంటే చిన్నచూపు. 2003-04లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఆర్సెనల్‌కు బంగారు ట్రోఫీ చేయించారు. 2007-08లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన డెర్బీ కౌంటీకి కనీసం ఇత్తడిదైనా ఇచ్చినవారు లేరు. ఇది పక్షపాతం కాక మరేమిటి?

38 మ్యాచుల్లో 29 ఓటములు, 8 డ్రాలు. వేసిన గోల్స్ 20, వేయించుకున్నవి 89. మొత్తం 11 పాయింట్లు. ఇంతటి నిలకడ ఊరికే వస్తుందా? లివర్‌పూల్ చేతిలో 6-0, చెల్సీ చేతిలో 6-1 చూసి పెద్ద జట్లకు జడిశారని అనుకునేరు. సొంత మైదానం ప్రైడ్ పార్క్‌లో వెస్ట్ హామ్‌కు ఐదు, ఆస్టన్ విల్లాకు ఆరు సమర్పించుకున్నారు. అదీ సమదృష్టి. ఆర్సెనల్ ఆటగాడు అడెబయోర్ ఆ సీజన్‌లో డెర్బీపై ఇంటా బయటా హ్యాట్రిక్ కొట్టి పేరు తెచ్చుకున్నాడు. అందులో డెర్బీ వాటాను ఎవరూ ప్రస్తావించరు.

సమయపాలన సంగతి చెప్పనే అక్కర్లేదు. తక్కిన జట్లు మే నెల దాకా గుండెలు చిక్కబట్టుకుంటే, వీరు మార్చి 29నే రెలిగేషన్, అంటే కింది లీగ్‌కు దిగిపోవడం, ఖాయం చేసుకున్నారు. ఆ రోజు ఫుల్‌హామ్‌తో 2-2 డ్రా. అంటే ఓడకుండానే దిగిపోయారు! నవంబరులో మేనేజర్ బిల్లీ డేవిస్ వెళ్లి పాల్ జూవెల్ వచ్చాడు. కొత్తగా వచ్చినవారు పాత అలవాట్లు చెడగొట్టడం మామూలే. ఈయన మాత్రం సీజన్ ముగిసేదాకా ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవకుండా సంప్రదాయాన్ని కాపాడాడు.

ఆఖరి రోజున రెడింగ్ గట్టెక్కాలన్న ఆశతో ప్రైడ్ పార్క్‌కు వచ్చింది. డెర్బీ లేదనకుండా నాలుగు గోల్స్ ఇచ్చింది. అటు ఫుల్‌హామ్ నెగ్గడంతో రెడింగ్ కూడా గోల్ తేడాతో దిగిపోయింది. పుచ్చుకునేవాడి నుదుటిరాతకు దాత ఏం చేస్తాడు?

2024-25లో సౌతాంప్టన్ అతి తక్కువ పాయింట్ల ఈ పీఠంపై కన్నేసింది. ఇంకా 7 మ్యాచులుండగానే దిగిపోయి ఎంతో ఆశ పెట్టింది. తీరా మేలో మాంచెస్టర్ సిటీతో 0-0 డ్రా చేసుకుని, 12వ పాయింటు మూటగట్టుకుని పరువు పోగొట్టుకుంది. నిగ్రహం అందరికీ అబ్బదు.

ఇక ఆ మచ్చ సంగతి. 2007 సెప్టెంబరు 17న కెన్నీ మిల్లర్ అనే ఆటగాడు న్యూకాసిల్‌పై గోల్ కొట్టాడు. డెర్బీ తరఫున అతనికి అదే తొలి మ్యాచ్. ఇక్కడి పద్ధతులు ఎవరూ చెప్పినట్టు లేదు. 1-0. జట్టు మాత్రం తప్పు తెలుసుకుని, మిగిలిన 32 మ్యాచుల్లో గెలుపు ముఖం చూడకుండా ప్రాయశ్చిత్తం చేసుకుంది. కాబట్టి విచారణ జరగవలసింది డెర్బీ మీద కాదు. డిసెంబరులో తమ మైదానానికి వచ్చినప్పుడు కూడా న్యూకాసిల్‌ వారు 2-2 డ్రాతో ఇంకో పాయింటు చేతిలో పెట్టి పంపారు. 11లో నాలుగు ఆ ఒక్క ఇంటి నుంచే వచ్చాయంటే, బుద్ధిమంతులను చెడగొట్టినదెవరో వేరే చెప్పాలా?