డిస్పోజబుల్ గ్లాసు వారికి ఒక విన్నపం

సింహగిరి ప్రదక్షిణ భక్తులలో అగ్రగణ్యులైన డిస్పోజబుల్ ప్లాస్టిక్ గ్లాసు వారికి నమస్కరించి రాయునది.

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు అడివివరంలో కొండ తొలిమెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే లక్షల మందిలో తమరంతటి నిష్ఠాగరిష్ఠులు మరొకరు లేరు. మేము ముడసర్లోవ దాటేసరికే కాళ్లీడుస్తాము, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి కాస్త తేరుకుంటాము, సీతమ్మధార చేరేసరికి కొందరం ఆటోల వైపు ఆశగా చూస్తాము. తమరు మాత్రం దారి పొడవునా ఉంటారు. మేము ఇల్లు చేరి కాళ్లకు వేడినీళ్లు పోసుకునే వేళకు కూడా అక్కడే ఉంటారు.

2022 జూలై 1 నుంచి తమరి తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం దేశమంతటా నిషిద్ధం. అయినా దారిలో నీళ్లూ మజ్జిగా పంచే ఏ శిబిరంలో చూసినా దొంతరలు దొంతరలుగా వెలికివచ్చే తమరిని చూస్తే, తండ్రి ఆజ్ఞలను లెక్కచేయని ప్రహ్లాదుడే గుర్తుకు వస్తాడు. (తమరి తమ్ముడు కాగితం గ్లాసు సాధువేషంలో తిరుగుతున్నాడు కానీ, లోపల పాలిథిన్ పూత ఉన్న సంగతి మాకు తెలుసు.)

తమరి సేవ ఎంతసేపు? రెండు గుక్కల మజ్జిగంత. అడుగున కరివేపాకు రెబ్బ, పచ్చిమిరప ముక్క మిగిలి ఉండగానే తమరిని రోడ్డు పక్కకు విసిరేస్తాము. వెనుక వచ్చే కాలు టప్పున తొక్కుతుంది. చిట్లిన ఆ అంచు, నేలతల్లి మీద చెప్పుకాలు మోపకూడదని వట్టికాళ్లతో నడిచే ఏ ముసలమ్మ అరికాల్లోనో దిగుతుంది.

ఆషాఢం కనుక ఆ రాత్రో మర్నాడో వాన పడుతుంది. ఊడ్చేవారి చీపురుకు చిక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు చేరినవారు చేరగా, మిగిలినవారు కాలువలో దిగి, గెడ్డలో పడి, సముద్రంలో కలుస్తారు. అక్కడ ఎండకూ అలకూ చిట్లి కంటికి ఆననంత చిన్నవారవుతారే తప్ప నశించరు. ఆత్మ నాశనం లేనిదన్న మాట బోధపడక ఇన్నాళ్లూ ప్రవచనాలకు వెళ్లాము. తమరు ఇంత దగ్గరలో ఉండగా అంత శ్రమ అక్కరలేకపోయింది. ఆ ముక్కలను చేపలూ, ఈ తీరానికి గుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లూ మింగుతాయి కనుక, మత్స్య కూర్మాలకు ప్రసాదం ముట్టినట్లే. మూడవవాడు, సముద్రంలో మునిగిన భూమిని పైకెత్తిన వరాహస్వామి, మన ప్రదక్షిణ నడుమ కొండ మీదే ఉన్నాడు. ఆయన వంతు ఎప్పుడో తమరే సెలవియ్యాలి.

పూర్వం చలివేంద్రంలో చెంబుతో పోస్తే దోసిలి పట్టి తాగేవారు. చెత్త మిగిలేది కాదు. అయితే దోసిలి మీద దాత పేరు అచ్చు వేయించడం కుదరదు, అది పెద్ద లోపమే. నీళ్ల డ్రమ్ము కంటే దాతల ఫ్లెక్సీ ఎత్తుగా ఉండే ఈ రోజుల్లో తమరి అవసరం నేను అర్థం చేసుకోగలను.

నా విన్నపం చిన్నది. వచ్చే ఏడు నడుముకు స్టీలు గ్లాసు కట్టుకుని నడవదలచాను. అందులో నీళ్లు పోయమంటే శిబిరాలవారు నొచ్చుకుని, "కొత్త గ్లాసు తీసుకోండి బాబూ, బోలెడున్నాయి" అంటారు. వారికి తమరి మాట మీద గురి ఎక్కువ కనుక, నా గ్లాసు తరఫున ఒక సిఫారసు ఉత్తరం ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరిని దాటుకుంటూ నడిచే
ఒక విశాఖ భక్తుడు