అసలు చిక్కు గ్రోమెట్ల దగ్గర

అంతగా పేరు లేని బ్రాండ్ టెన్నిస్ రాకెట్‌ను పట్టుకుని వేలాడటం దండగ అంటోంది ఓ వ్యాసం. కానీ దాంతో ఆటకొచ్చే నష్టమేమీ లేదు, తిప్పలన్నీ విడిభాగాలతోనే. మోడల్ తయారీ ఆగిపోతే ముందు మాయమయ్యేవి గ్రోమెట్లు, అంటే ఫ్రేము రంధ్రాల్లో తీగ దూరే ప్లాస్టిక్ గొట్టాలు. రాకెట్ తల పైభాగంలో ఆ గొట్టం చీలితే తీగ నేరుగా కార్బన్ అంచుకు ఒరుసుకుని అక్కడే తెగుతుంది. కాబట్టి ఫ్రేముతోపాటే రెండు సెట్లు కొనిపెట్టుకోండి. పాత తీగ కోసే ముందు ఫొటో తీయండి. ఏ రంధ్రాలు వదిలేయాలో తీగ కట్టేవాళ్లకు గుర్తుండకపోవచ్చు.

అదే మోడల్‌లో రెండో ఫ్రేము కొంటే, మొదటిదానితో బరువు సరిపోయేలా తూచే కొనాలి. 3 గ్రాముల తేడాను సీసం టేపుతో సరిచేయొచ్చు, కానీ అదంతా తల కొసన అంటిస్తే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు రాకెట్ ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే కొలత) దాదాపు 10 పాయింట్లు ఎగబాకుతుంది. మీది ప్రోకెనెక్స్ బ్రాండ్ కైనెటిక్ రాకెట్ అయితే, ఊపితే గలగలమంటుందా? విరగలేదు, లోపలున్నవి టంగ్‌స్టన్ గుళ్లు.